ముప్పయ్యో వారం

క్యాబేజీ మంచం మీద ఉంది. మెత్తబడిన పాత నూలు చీరలో చుట్టి, దిండు పక్కన ఒత్తిగిల్లినట్టు పెట్టి ఉంది.

నిర్మలమ్మ దాన్ని ముట్టుకోలేదు. చేతిలో చీపురు అలాగే ఉండగా గుమ్మంలో ఆగిపోయి కూతుర్ని పిలిచింది.

"కవితా, జర ఇటు రా. లోపలికి అడుగు పెట్టకు. ఆడ్నే నిలబడి చూడు."

కవిత చూసింది. ఇంకా గట్టిపడని గడ్డ. కోతకు పదిరోజులైనా తక్కువుంది. పై ఆకు మీద మంచు తడి ఆరలేదు. చలిగాలి తగలకుండా ఎవరో చీర అంచును లోపలికి మడిచారు.

"పోయిన వారం సొరకాయ. అంతకు ముందు వంకాయ. గీ దిండు పక్కనే దొరికినయ్. ఎలుక గుంజుకొచ్చిందనుకున్న," అంది నిర్మలమ్మ గొంతు తగ్గించి. "ఎలుక చీరల చుడ్తదా? ఎవలో చేసిన్రు మన ఇంటి మీద. హన్మయ్యను పిలిపిస్త."

"హన్మయ్య తాతకు తేలు కుడితే చేవెళ్ల దవాఖానకు ఉరికిండు. ఆయన మంత్రం ఆయనకే పారలేదు."

"నీకు నవ్వులాటనే. ఇంట్ల గండం అయ్యి నలభై దినాలే అయింది."

గండం. ఆ ఇంట్లో దానికున్న పేరు అదొక్కటే. కోడలు సింధుజ ఆరో నెలలో దవాఖానకు పోయి ఒట్టి చేతులతో తిరిగొచ్చిన రోజు నిర్మలమ్మ అందరినీ దగ్గరికి పిలిచి చెప్పింది: ఆ ముచ్చట ఎవరూ ఎత్తవద్దు, ఎత్తకపోతే అదే మరిచిపోతుంది. కొడుకు ప్రశాంత్ ఎత్తలేదు. కవిత ఎత్తలేదు. ముడిమ్యాల ఊళ్ళో ఇరుగుపొరుగు కూడా ఎత్తలేదు. కోడలి మీద ప్రేమతోనే అందరూ నోళ్ళు కట్టుకున్నారు.

కవితకు మాత్రం నిన్న మధ్యాహ్నం అసలు సంగతి తెలిసింది. వదిన స్నానానికి పోయినప్పుడు ఫోన్ మోగితే తీసింది. చదివింది. మళ్ళీ బోర్లించి పెట్టింది.

"అమ్మా, ఎవలూ ఏం చెయ్యలేదు. వదిననే తెచ్చుకున్నది."

"పచ్చి గడ్డ తెచ్చుకొని ఏం చేస్తది?"

"ఫొటో తీస్తది."

నిర్మలమ్మ కూతురి ముఖం చూసింది.

"ఫోన్ల ఒక గ్రూపున్నది," అంది కవిత. "ఒకే నెలల కాన్పు ఉన్నోళ్ళందరు అండ్ల ఉంటరు. కడుపుల బిడ్డ ఈ వారం ఎంత పెద్దగైందో ఒక కూరగాయతోని చెప్తరు. అందరు బజార్ల కొన్నది పెడ్తరు. వదిన మన చేన్లది కోసి, అరచేతుల పట్టుకొని పెడ్తది. అందరికీ వదిన ఫొటోలంటే మస్తు ఇష్టం."

"మంచిది. అప్పుడు పెట్టింది. ఇప్పుడెందుకు పెడ్తది?"

కవిత చీరలో ఉన్న గడ్డ వైపు చూసింది.

"నిన్నే, కవితా. ఇప్పుడెందుకు పెడ్తది?"

"ఆళ్ళకు చెప్పలేదమ్మా. ఆళ్ళ లెక్కల వదినకు ఇది ముప్పయ్యో వారం."

నిర్మలమ్మ చీపురును గోడకు ఆనించింది. అది జారి కింద పడింది. ఇద్దరూ దాన్ని తీయలేదు.

*

సింధుజ వెనక వాకిట్లో ఎండలో కూర్చుంది. శాలువా మెడ దాకా కప్పుకుంది. ఫోన్ మోకాలి మీద ఉంది. నీళ్ళు పారిన మడిలో కాలు జారినట్టు బొటనవేలు అద్దం మీద జారుతోంది. చిన్న పాదాలు వచ్చాయి. ఆవులించే నోరు వచ్చింది. ఎవరో తల్లి గొంతు జోల పాడి, సగంలో ఆగి, మళ్ళీ మొదటి నుంచి పాడింది. పసుపు రంగు ఊయల ఊగింది, ఊగింది, ఊగుతూనే ఉంది.

ఫోన్‌కు కూడా ఎవరూ చెప్పలేదు. అది పాత లెక్క ప్రకారమే రోజూ పిల్లల్ని తెచ్చి ముందు పెడుతోంది.

పొద్దున మంచులో చేనికి పోయినప్పుడు ఆమెకు సాళ్ళు కనపడలేదు. అడుగు వేసిన కొద్దీ అంత మేర మాత్రమే ఆకుపచ్చగా తెరుచుకుంది. పక్క చేను చామంతుల పసుపు మంచులో ఎక్కడో దీపం పెట్టినట్టు మసకగా కనిపించింది. గట్టు పక్కన గడ్డ దొరికింది. రెండు చేతులా ఎత్తితే చల్లగా, బరువుగా ఉంది. బరువు ఉండటమే ఆమెకు నచ్చింది. అప్పుడామె నవ్వింది. ఫొటోలో చేతులే పడ్డాయి, నవ్వు పడలేదు.

ఇంటి ముందు ట్రాలీ బండి ఆగిన చప్పుడైంది. మార్కెట్ నుంచి ప్రశాంత్ వచ్చాడు. ఖాళీ ట్రేలు ఇంకా దించలేదు, లోపలికి రాగానే తల్లి ఎదురొచ్చింది.

"నీ పెండ్లం ఏం చేస్తున్నదో తెలుసా నీకు?"

"ఏం చేసింది?"

"పచ్చి గడ్డను చీరల చుట్టి పక్కల పండవెట్టుకుంటున్నది."

ప్రశాంత్ తలకు కట్టుకున్న రుమాలు విప్పాడు. దులిపాడు. మళ్ళీ మడిచాడు.

"తెలుసు," అన్నాడు.

"తెలుసా?"

"గట్టు పక్క సాలుల మంచిదొకటి నేనే ఇడిసిపెట్టిన. నిన్న మందు కొట్టేటప్పుడు దానికి కొట్టలేదు."

కవిత అన్న వైపు తిరిగి చూసింది. అన్న ఇన్నాళ్ళూ బువ్వ తినేటప్పుడు కంచంలోకి చూస్తూ తింటే, ఏమీ పట్టనివాడనుకుంది.

"నువ్వు మొగోనివా, ఏందిరా? ఆ ఫోన్ గుంజి అవతల పారెయ్యాల్సింది పోయి, దానికి గడ్డలు సాకుతున్నవా?"

"పారేస్తే ఏం జేస్తది? గోడ దిక్కు చూస్కుంట కూసుంటది. దవాఖాన నుంచి వచ్చినంక వారం రోజులు గట్లనే కూసున్నది, నువ్వు చూడలేదా? ఇప్పుడు ఫొటో తీసేటప్పుడన్న ఒక్కసారి నవ్వుతది."

"పిచ్చిలేస్తే?"

"ఎవలకు లేవలేదమ్మా. నువ్వు దినమంత ఫోన్ల ముగ్గులు చూస్తవ్. ఒక్కటన్న వాకిట్ల ఏసినవా ఈ నలభై దినాల్ల?"

ఆ మాట నిర్మలమ్మకు తగిలింది. ఆమె కొంగు దోపుకుని పొయ్యి వైపు తిరిగింది. పొయ్యి మీద ఏమీ లేదు.

అప్పుడే సింధుజ లోపలికొచ్చింది. వాళ్ళ మాటలు విన్నదో లేదో ముఖం చూస్తే తెలియలేదు. తల దువ్వుకుంది. చాలా రోజుల తర్వాత బొట్టు పెట్టుకుంది.

"అత్తమ్మా, షారోన్ వస్తున్నది."

"షారోన్ ఎవలు?"

"మొయినాబాద్ కాడ ఫాంహౌజుల ఉంటరు, ఆమె, ఆమె ఆయన కుమార్. తోట చూస్కుంటరు. గ్రూపుల దోస్తు. ఏడు నెలలు నిండినయ్ గదా ఇద్దరికి, గాజులు తెస్తనన్నది. నేనే రమ్మన్న."

ఇద్దరికి. ఆ మాట అందరి మధ్యా పడింది. ప్రశాంత్ బయటికి పోయి ట్రేలు దించడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కటే దించుతున్నాడు.

"సింధూ," అంది నిర్మలమ్మ మెల్లగా, "ఆ పిల్ల వచ్చి చూస్తే తెల్వదా బిడ్డా?"

"శాలువా కప్పుకుంట. చలికాలమే గదా."

"వదినా," కవిత దగ్గరికి పోయింది. "పెయ్యి బాగలేదు, మల్ల రమ్మని రాయి. ఒక్క మాట. నేను రాయాల్నా?"

సింధుజ ఫోన్ తీసింది. రాసింది. చెరిపింది. మళ్ళీ రాసింది. కవితకు అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి: రాకు. ర దగ్గర వేలు చాలాసేపు ఆగి, అదీ చెరిపేసింది.

"ఆమెకు ఎవలూ లేరు కవితా. ఇష్టపడి చేసుకున్నదని ఇంటోళ్ళు మాట్లాడ్తలేరు. అన్నీ నాకే చెప్పుకుంటది."

"నీకు మేం లేమా?"

"ఉన్నరు." సింధుజ కళ్ళెత్తింది. కోపం లేదు ఆ కళ్ళలో. నిద్ర మధ్యలో ఎవరో పేరు పెట్టి పిలిస్తే చూసినట్టు చూసింది. "షారోన్ పొద్దున లేవంగనే అడుగుతది. అక్కా తిన్నవా, బుజ్జి కదిలిందా, నడుము నొస్తుందా అని. గీ ఇంట్ల ఎవలడిగిన్రు? పాలొచ్చి రవిక తడిస్తే రాత్రికి రాత్రి నేనే పిండుకున్న. గది గూడ ఎవలడగలేదు."

నిర్మలమ్మ గోడ వైపు తిరిగింది.

ఫోన్ చిన్నగా మోగింది. అక్కా, చేవెళ్లల దిగిన, ఆటో ఎక్కుతున్న.

*

"వాకిట్లనే చెప్పి పంపిస్త," అంది నిర్మలమ్మ. "ఇట్లయింది బిడ్డా, పో, అని."

"కడుపుతోని వచ్చిన పిల్లను వాకిట్ల నిలబెట్టి గా మాట చెప్తవా?"

"లోపలికి పిలిచి చెప్తే మంచిదా?"

"ఎక్కడ చెప్పినా ఒకటే మాటనాయె."

తల్లీ కూతుళ్ళు ఇలా వాదించుకుంటుండగానే ఆటో వచ్చింది. సన్నటి పిల్ల దిగింది. ఇరవై దాటి ఉండవు. చేతుల్లో, మెడలో ఎముకలు కనిపిస్తున్నాయి. ఉన్న బలమంతా కడుపే తీసుకున్నట్టుంది. చంకలో చిన్న సంచి.

నిర్మలమ్మ చెప్పడానికే ఎదురుపోయింది. పోయిన మనిషి చెంబెడు నీళ్ళు ఆమె చేతికిచ్చింది.

"కాళ్ళు కడుక్కో బిడ్డా. జారుతది, పైలం. దూపైతుందా?"

"అత్తమ్మా అనొచ్చా మిమ్మల్ని?" అంది షారోన్. "అక్క మీ ముచ్చట చెప్తది. మా అత్తమ్మ బంగారం అని రాస్తది."

నిర్మలమ్మ నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఉండిపోయింది.

సింధుజ మంచం మీద ఉంది. శాలువా కింద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. షారోన్ లోపలికొచ్చి, గుమ్మం పట్టుకుని నవ్వింది.

"ఫొటోల చేతులే చూసిన. చేతులు చూసి గుర్తువట్టిన అక్కా."

పక్కన కూర్చుని సంచి విప్పింది. ఆకుపచ్చ మట్టి గాజులు. సింధుజ చెయ్యి పట్టుకుని, వేళ్ళు దగ్గరికి నొక్కి, ఒక్కొక్కటే ఎక్కించింది. మొదటిది, రెండోది. మూడో గాజు పిడికిలి ఎముక దగ్గర ఆగింది. అక్కడ షారోన్ చేతులు కూడా ఆగాయి.

"అక్కా, ఒకటడుగుత. నవ్వొద్దు."

"అడుగు."

"మావోడు కదుల్తలేడు."

సింధుజ వినలేదేమో అన్నట్టు కవిత వదిన వైపు చూసింది.

"నిన్న దీపాల యాళ్ళ నుంచి," అంది షారోన్. "గ్రూపుల అడిగిన గదా. పండుకున్నడేమో, చక్కెర నీళ్ళు తాగి ఎడమ పక్కకు తిరిగి పండుకో అన్నరు. నువ్వు గూడ రాసినవ్. మావోడు గంతే, దినమంత పండుకుంటడు, మల్ల లేచి తంతడు, ఫికర్ చెయ్యకు అని. నువ్వు రాసినంకనే నాకు నిద్ర వచ్చింది. కుమార్‌కు చెప్పలేదు, ఊకె పరేషాన్ అయితడు. బస్సుల కుదుపుకన్న లేస్తడనుకున్న. లేవలే. జర నీ మొకం చూస్తే ధైర్నమొస్తదని వచ్చిన."

గాజు సింధుజ చేతి మీదే ఉంది. ఎక్కలేదు, దిగలేదు.

కవిత ఎప్పటికీ మరిచిపోనిది తర్వాత జరిగింది. సింధుజ ముఖంలో ఏదో చాలా దూరం నుంచి నడిచి వస్తున్నట్టుగా, కళ్ళు మెల్లగా ఈ గదిలోకి వచ్చాయి. మంచం చూశాయి. గోడ చూశాయి. ఎదురుగా ఉన్న పిల్లను చూశాయి.

ఆమె శాలువా తీసేసింది.

"మావోడు లేడు షారోన్."

బాబు అని కవితకు అప్పుడే తెలిసింది.

"ఆరు వారాలైంది. వాడు గిట్లనే నిమ్మళమైండు. నేను ఆళ్ళనే అడిగిన. అరవై మంది జవాబిచ్చిన్రు, అందరు మంచిగనే చెప్పిన్రు, ఏం గాదు, పండుకున్నడు అన్నరు. చక్కెర నీళ్ళు తాగిన. పక్కకు తిరిగి పండుకున్న. ఫోన్ చూస్కుంట ఒక దినమంత ఆగిన. అత్తమ్మ పక్క అర్రలనే ఉన్నది. పిలువలేదు. తెల్లారి పోతే దవాఖానల గుండె వినవడలేదు."

గుమ్మంలో నిర్మలమ్మ తలుపు పట్టుకుంది. ఆ ఒక్క దినం సంగతి ఆమెకు తెలియదు. వెనక నిలబడ్డ ప్రశాంత్‌కూ తెలియదు.

షారోన్ చెయ్యి వెనక్కి తీసుకుంది. మొదట ఆమెకు అర్థం కాలేదు. తర్వాత కొంచెం కొంచెంగా అర్థమైంది.

"మరి నిన్న నాకు రాసింది?"

"నేనే రాసిన."

"తంతడు అన్నవ్."

"అబద్ధం."

"క్యాబేజీ ఫొటో? ఇయ్యాల పొద్దుగాల పెట్టింది?"

"అంత అబద్ధమే. అది తర్వాత తిట్టు. ఇప్పుడు లే. నేను ఆగిన, నువ్వు ఆగొద్దు."

సింధుజ ఆమె భుజం పట్టుకోబోయింది.

"నన్ను ముట్టుకోకు," అంది షారోన్. గట్టిగా అనలేదు. కడుపును రెండు చేతులతో కప్పుకుని, మంచం మీద వెనక్కి వెనక్కి జరిగింది. "నన్ను ముట్టుకోకు అక్కా."

సింధుజ రెండు చేతులూ దించేసింది.

నిర్మలమ్మ ముందుకొచ్చింది. ఇందాక గండం, హన్మయ్య అన్న మనిషి ఇప్పుడు అవేవీ అనలేదు. "నా చెయ్యి పట్టుకో బిడ్డా. ఇంకో ముచ్చట వద్దు. ప్రశాంతూ, బండి తియ్యి."

"చేవెళ్లకు ఇరవై నిమిషాలు," అన్నాడు ప్రశాంత్. అప్పటికే వాకిట్లో ఉన్నాడు.

*

ముందు సీట్లో నిర్మలమ్మ, షారోన్ కూర్చున్నారు. వెనక సింధుజ ఎక్కింది. ఎవరూ రమ్మనలేదు, వద్దనలేదు. కవిత కూడా ఎక్కి కడ్డీ పట్టుకుంది. మట్టి, ఆకు వాసన వేస్తున్న బండిలో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు.

"కుమార్‌కు చేసినవా?" అని ముందు నుంచి నిర్మలమ్మ అడగటం వినపడింది. "చెయ్యి. నేను మాట్లాడ్త. మొగుడన్నంక పరేషాన్ కాకుంటే ఎట్ల?"

వదిన ఫోన్ తేలేదని కవిత కొంచెం దూరం పోయాక గమనించింది. అయినా ఆమె కుడి బొటనవేలు చూపుడు వేలి మీద పైకీ కిందికీ జారుతూనే ఉంది. జారుతోందని ఆమెకు తెలియదు.

"మా అమ్మకు ఎందుకు చెప్పలేదు వదినా? ఆ రోజు?"

"ఆమె భయపడ్తదని." సింధుజ రోడ్డు వైపు చూస్తోంది. "ఆళ్ళకైతే భయం లేదు. అందరు పూల బొమ్మలు పెట్టిన్రు."

చామంతి చేన్లు ఎండలో వెనక్కి పోతున్నాయి. కూలికొచ్చిన ఆడవాళ్ళు పూల మధ్య నడుము దాకా మునిగి, తలలు మాత్రమే తేలుతున్నట్టు కనిపించారు. ఎవరో చెయ్యి ఊపారు. అంతా నీళ్ళ కింద జరుగుతున్నట్టుంది.

రోడ్డు మీద తవ్విన కొత్త గుంత దాటేటప్పుడు బండి ఎగిరి పడింది. ముందు నుంచి షారోన్ గొంతు వినిపించింది.

"అన్నా, ఆపు."

"ఏమైంది బిడ్డా? నొస్తున్నదా?"

"ఆపున్రి. జర ఆపున్రి."

ప్రశాంత్ పక్కకు తీసి ఆపాడు. సింధుజ ముందే దూకింది. పోయి తలుపు దగ్గర నిలబడింది. దగ్గరికి పోలేదు, ఒక అడుగు దూరంలోనే ఉంది.

షారోన్ కళ్ళు పెద్దవయ్యాయి. ఆమె ఎవరినీ చూడటం లేదు.

"ఏదో అయింది. ఇక్కడ. కదిలిండో, బండి కుదుపో..." ఆమె చెయ్యి కడుపు మీద వెతికింది. "నాకు తెలుస్తలేదు."

"ఇంజన్ బందు పెట్టు," అంది సింధుజ.

ప్రశాంత్ తాళం తిప్పాడు. చేన్లలో ఎక్కడో డ్రిప్పు పైపు చుక్కలు పడుతున్న చప్పుడు కూడా వినిపించేంత నిశ్శబ్దం. అయిదుగురూ కదలకుండా ఉన్నారు.

షారోన్ చెయ్యి చాపింది. ముట్టుకోవద్దన్న చెయ్యే. సింధుజ మణికట్టు పట్టుకుని దగ్గరికి లాగి, ఆ అరచేతిని తన కడుపు మీద పక్కకు ఆనించుకుంది.

"నువ్వు చూడు అక్కా. నాకైతే భయమే తెలుస్తున్నది. ఈసారి నిజం చెప్పు."

సింధుజ కళ్ళు మూసుకుంది.

వెనక ఆగిన బస్సు హారన్ కొట్టింది. మళ్ళీ కొట్టింది. ఆమె చెయ్యి తియ్యలేదు.